బిల్లు మీద పేరు చూశారా? మిస్టరీ షాపింగ్ గురించి మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ఒక పాఠకురాలికి జవాబిస్తూ, నేను చాలా ఏళ్లుగా రెస్టారెంట్లకి మిస్టరీ షాపర్‌గా వెళ్తున్నానని ఒక్క ముక్క రాశాను. దాంతో ఉత్తరాలు వరుసకట్టాయి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: మామూలు కస్టమర్‌లాగే వెళ్లి, తిని, బిల్లు కట్టి, బయటికొచ్చాక అక్కడ ఏం జరిగిందో నిమిషాలతో సహా రిపోర్టు రాసే పని ఇది. రెస్టారెంటు యాజమాన్యమే ఒక ఏజెన్సీకి డబ్బిచ్చి ఈ తనిఖీ చేయించుకుంటుంది. వచ్చింది ఎవరో అక్కడ పనిచేసేవాళ్లకి తెలియదు. ఎక్కువమంది అడిగినవి, నాకు ముఖ్యమనిపించినవి ఈసారి తీసుకున్నాను.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నా. ఫ్రీగా తినొచ్చు, పైగా డబ్బులు కూడా ఇస్తారని విన్నాను. నిజమేనా? నెలకి ఎంత వస్తుంది?

జవాబు: ఫ్రీ అనే మాట ముందు బుర్రలోంచి తీసెయ్. బిల్లు నీ జేబులోంచే కట్టాలి. ఏజెన్సీ ఒక పరిమితి చెప్తుంది, అంతవరకే తిరిగిస్తుంది, దాని మీద ఒక్క కాఫీ ఎక్కువ తాగినా అది నీ ఖర్చే. ఏం తెప్పించుకోవాలో కూడా చాలాసార్లు వాళ్లే రాసిస్తారు. ఒక స్టార్టర్, ఒక మెయిన్ డిష్, ఒక డ్రింక్, చివర్లో డెజర్ట్ అని ఉంటే, అప్పటికి కడుపు నిండిపోయినా డెజర్ట్ తెప్పించాల్సిందే, ఎందుకంటే సర్వర్ దాన్ని తనంతట తాను గుర్తుచేశాడా లేదా అన్నది కూడా ఒక ప్రశ్న కాబట్టి.

దీని పైన ఫీజు ఇస్తారు, కానీ చిన్నదే. అది చిన్నదా పెద్దదా అని చూసేముందు గంటలు లెక్కపెట్టుకో. గైడ్‌లైన్స్ చదవడానికి అరగంట, వెళ్లి రావడానికి ఒక గంట, అక్కడ కూర్చోవడం గంటంపావు, ఇంటికొచ్చి రిపోర్టు రాయడం రెండు గంటలు. నా మొదటి రిపోర్టుకి నాలుగు గంటలు పట్టింది, ఏజెన్సీలో రిపోర్టులు సరిచూసే ఎడిటర్ మళ్లీ రెండుసార్లు తిప్పి పంపారు. డబ్బులు చేతికి రావడానికి నెలో రెండు నెలలో పడుతుంది. ఒకసారి వెళ్లిన చోటికి మళ్లీ కొన్ని నెలల దాకా పంపరు. ఇక బిల్లు ఫొటోలో తేదీ మసకగా ఉందనో, చెప్పిన టైమ్ దాటి వెళ్లావనో రిపోర్టు కొట్టేస్తే ఫీజూ పోతుంది, తిన్నదాని డబ్బూ పోతుంది. నాకు అలా ఒక రాత్రి భోజనం మొత్తం పోయింది. బిల్లుని, అది పెట్టి తెచ్చిన ఫోల్డర్‌లోనే వదిలేసి వచ్చాను, పరిగెత్తుకుని వెనక్కి వెళ్లేసరికి టేబుల్ తుడిచేసి ఉంది.

అందుకని నెలజీతంలా ఆశ పెట్టుకోకు. చదువు పక్కన అప్పుడప్పుడూ చేసుకునే పనిగా అయితే మంచిది, గమనించి రాయడం బాగా అలవాటవుతుంది. ఏజెన్సీల్లో పేరు నమోదు చేసుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు అన్నారంటే అక్కడితో వదిలెయ్. ఈ రంగంలో కంపెనీలకి ఎంఎస్‌పీఏ అని ఒక సంఘం ఉంది, 1998లో అమెరికాలో మొదలైంది, ఇప్పుడు వేరే ఖండాల్లో కూడా శాఖలున్నాయి. నీకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ అందులో ఉందో లేదో ఒకసారి చూసుకో.

ప్రశ్న: మిస్టరీ షాపర్‌గా సెలెక్టయ్యారని నాకు మెయిల్ వచ్చింది, తర్వాత చెక్కు కూడా పంపారు. దాన్ని నా ఖాతాలో వేసి, నా ఫీజు ఉంచుకుని, మిగతా డబ్బుతో గిఫ్ట్ కార్డులు కొని వాటి వెనక నంబర్లు ఫొటో తీసి పంపమంటున్నారు. కౌంటర్లో వాళ్లు ఎలా ప్రవర్తించారో రాయడమే పని అంటున్నారు. ఖాతాలో డబ్బు పడినట్టే కనిపిస్తోంది. చేయమంటారా?

జవాబు: వద్దు. ఇది చదివిన వెంటనే ఆపేయండి, ఒక్క కార్డు కూడా కొనొద్దు.

అది దొంగ చెక్కు. చెక్కు వేసిన ఒకట్రెండు రోజుల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో చూపిస్తుంది కానీ, చెక్కు నిజంగా చెల్లిందని దాని అర్థం కాదు. అది నకిలీదని తేలడానికి వారాలు పట్టొచ్చు. తేలిన రోజున బ్యాంకు మొత్తం మీ ఖాతాలోంచి వెనక్కి తీసుకుంటుంది. అప్పటికే మీరు పంపిన కార్డు నంబర్లతో వాళ్లు డబ్బు వాడేసుకుని ఉంటారు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మిస్టరీ షాపింగ్ పేరుతో జరిగే సరిగ్గా ఈ మోసం గురించే ఏళ్లుగా హెచ్చరిస్తోంది. ఒకప్పుడు డబ్బు బదిలీ చేసే కౌంటర్లని పరీక్షించండి అనేవాళ్లు, ఇప్పుడు గిఫ్ట్ కార్డులంటున్నారు, పద్ధతి అదే.

నిజమైన ఏజెన్సీ పని కాకముందే మీకు చెక్కు పంపదు, మిగిలింది వెనక్కి పంపమని అసలే అనదు. ఇప్పటికే ఒక కార్డు కొని నంబరు పంపేసి ఉంటే, ఆ కార్డు కంపెనీకీ మీ బ్యాంకుకీ ఇప్పుడే ఫోన్ చేయండి, కార్డూ రసీదూ పారేయకండి, పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇందులో పడ్డారు.

ప్రశ్న: నాకు మొదటి అసైన్‌మెంట్ వచ్చింది మేడమ్. గైడ్‌లైన్స్ పన్నెండు పేజీలు! ఇన్ని టైమింగులు, ఇన్ని పేర్లు, కాగితం పెన్ను తియ్యకుండా ఎలా గుర్తుపెట్టుకోవాలి? దొరికిపోతానేమోనని ఒకటే టెన్షన్.

జవాబు: ముందు రోజు రాత్రి గైడ్‌లైన్స్ రెండుసార్లు చదవండి, మొదటిసారి పని ఏంటో అర్థం కావడానికి, రెండోసారి టైమింగులు మాత్రమే ఏరుకోవడానికి. మామూలుగా అడిగేవి ఇవే: లోపలికి అడుగుపెట్టాక ఎంతసేపటికి పలకరించారు, కూర్చున్నాక సర్వర్ ఎప్పుడొచ్చారు, డ్రింక్ ఎప్పుడొచ్చింది, ఆర్డర్ ఇచ్చాక వంటకం ఎన్ని నిమిషాలకి వచ్చింది, బిల్లు అడిగాక ఎంతసేపటికి తెచ్చారు. ఇంకొకటుంది, కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. వంటకం పెట్టి వెళ్లాక, మీరు రెండు ముద్దలు తిన్న టైముకి సర్వర్ తిరిగొచ్చి ఎలా ఉందని అడిగారా లేదా? ఫీల్డులో దీన్ని టూ బైట్ చెక్ అంటారు. ఆకలి మీద ఉంటే ఆ టైమ్ చూసుకోవడం ఇట్టే మర్చిపోతాం.

నేను చేసేది చెప్తాను. నా ఇంకో నంబరుకి నేనే మెసేజ్‌లు పెట్టుకుంటాను. "బస్సెక్కా" అంటే పలకరించారు, "సీటు దొరికింది" అంటే టేబుల్ ఇచ్చారు, "అమ్మకి చెప్పు" అంటే ఆర్డర్ ఇచ్చాను, "దిగిపోయా" అంటే వంటకం వచ్చింది. ప్రతి మెసేజ్ పక్కన టైమ్ దానంతటదే పడుతుంది, ఎవరైనా భుజం మీదుగా చూసినా ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. సెకన్లు కూడా కావాలంటే ఫోన్‌లో స్టాప్‌వాచ్ మొదలుపెట్టి స్క్రీన్ ఆపి బల్ల మీద బోర్లా పెట్టేస్తాను. చేతి గడియారం మాత్రం మాటిమాటికీ చూడకండి, అనుభవమున్న సర్వర్ రెండోసారికే పట్టేస్తాడు.

మధ్యలో ఒకసారి రెస్ట్‌రూమ్‌కి ఎలాగూ వెళ్లాలి, అది కూడా రిపోర్టులో ఉంటుంది: సబ్బు ఉందా, చేతులు తుడుచుకోవడానికి ఏమైనా ఉందా, నేల తడిగా ఉందా, చెత్తబుట్ట పొంగిపొర్లుతోందా. అక్కడే తలుపేసుకుని అప్పటిదాకా జరిగింది నాలుగు ముక్కల్లో టైప్ చేసేసుకోండి. బయటికొచ్చాక ఇంటికి బయల్దేరేముందు ఫోన్‌లో మీ గొంతుతోనే మొత్తం రికార్డు చేసుకోండి, గుమ్మం దగ్గర్నుంచి బిల్లు దాకా, సర్వర్ అన్న మాటలు అన్నవి అన్నట్టుగా. ఇల్లు చేరేసరికి సగం మాటలు మారిపోతాయి, నాకు ఇప్పటికీ మారతాయి.

లోపల ఉన్నవాళ్లని దొంగచాటుగా వీడియో మాత్రం తీయకండి. అలాంటి పని కావాలంటే ఏజెన్సీ విడిగా అనుమతులు తీసుకుని, విడిగా చెప్తుంది.

ఇక దొరికిపోవడం అంటారా, షాపర్‌ని పట్టించేది ఫోన్ కంటే మాటలే. ఎవరూ అడగని ప్రశ్నలు వరసపెట్టి అడగడం, మేనేజర్ ఎక్కడున్నారా అని మెడ తిప్పి వెతకడం, వచ్చిన బిల్లుని బల్ల మీదే నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయడం. బిల్లు బ్యాగులో వేసుకోండి, ఫొటో ఇంటికెళ్లి తీసుకోవచ్చు. ఒకవేళ ఎవరైనా మొహం మీదే "మీరు తనిఖీకి వచ్చారా" అని అడిగితే కంగారు పడకుండా తిని వచ్చేయండి, ఆ సంగతి ఉన్నదున్నట్టు షెడ్యూలర్‌కి, అంటే ఏజెన్సీలో మీకు ఆ పని అప్పగించినవాళ్లకి చెప్పండి. దాచిపెట్టి రిపోర్టు ఇవ్వొద్దు, వాళ్లు గుర్తుపట్టాక చేసిన మర్యాద మిగతా కస్టమర్లకి దొరికే మర్యాద కాదు.

ప్రశ్న: రుచి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నాకు ఉప్పు తక్కువ కావాలి, మా ఆయనకి ఎక్కువ కావాలి. మరి తిండికి మార్కులు ఎలా వేస్తారు?

జవాబు: రుచి గురించి మమ్మల్ని అడిగేది చాలా తక్కువండి. నాకు నచ్చిందా లేదా అన్నది ఆ వంటగదికి ఎందుకూ పనికిరాదు. "సూప్ బాగాలేదు" అని రాస్తే వాళ్లేం సరిచేసుకుంటారు? అదే "ఆర్డర్ ఇచ్చిన 19 నిమిషాలకి సూప్ వచ్చింది, ఆవిరి లేదు, పైన మీగడలా పొర కట్టింది, గిన్నె పట్టుకుంటే చల్లగా తగిలింది" అని రాస్తే, అది పొయ్యి మీంచి దిగాక ఎక్కడో ఆగిపోయిందని వంటవాళ్లకి చదవగానే అర్థమవుతుంది. కొన్ని అసైన్‌మెంట్లలో చిన్న థర్మామీటర్ కూడా తీసుకెళ్లమంటారు, పార్సిల్ తెచ్చుకున్న వంటకాన్ని బయట వెంటనే కొలుస్తాం. వండిన వేడి పదార్థం వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలని, చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, ఈ రెండింటి మధ్యే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కాబట్టి. అందుకే గోరువెచ్చగా వచ్చిన వంటకం గురించి రాసేటప్పుడు రుచి కంటే ఈ భయమే నా మనసులో ఎక్కువ ఉంటుంది.

మీరు అడగలేదు కానీ, రుచి కంటే మనసు చేసే మోసం పెద్దది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1920లో ఒక సంగతి రాశాడు. సైన్యంలో అధికారులు తమ కిందివాళ్లకి మార్కులు వేసేటప్పుడు, ఒక గుణంలో మంచి మార్కులొచ్చినవాడికి సంబంధం లేని మిగతా గుణాల్లోనూ మంచి మార్కులే పడుతున్నాయట. హేలో ఎఫెక్ట్ అంటారు. రెస్టారెంట్లో ఇది నా కళ్ల ముందే జరుగుతుంది. సర్వర్ ఆప్యాయంగా మాట్లాడితే ఆలస్యంగా వచ్చిన ప్లేటు కూడా తొందరగా వచ్చినట్టే ఉంటుంది. విసుగ్గా మాట్లాడితే శుభ్రంగా ఉన్న గ్లాసు మీద కూడా మచ్చ వెతుకుతాం. అందుకని అవును, కాదు అని టిక్ పెట్టేముందు ప్రతి ప్రశ్న కింద నేను కళ్లారా చూసింది ఒక వాక్యం రాసుకుంటాను. ఆ వాక్యం దొరకకపోతే ఆ టిక్ పెట్టే హక్కు నాకు లేదు.

ప్రశ్న: మిషెలిన్ స్టార్లు ఇచ్చేవాళ్లు, పేపర్లలో రెస్టారెంట్ రివ్యూలు రాసేవాళ్లు, మీరు, అందరూ ఒకటేనా?

జవాబు: చెప్పకుండా వెళ్లి తినడం వరకూ ఒకటే. మిషెలిన్ గైడ్ అనే పుస్తకాన్ని 1900లో ఆ పేరున్న టైర్ల కంపెనీ వాళ్లు వాహనదారుల కోసం మొదలుపెట్టారు, మంచి రెస్టారెంట్లకి స్టార్లు ఇవ్వడం 1926లో వచ్చింది. దాని ఇన్‌స్పెక్టర్లు జీతానికి పనిచేసే ఉద్యోగులు, పేరు చెప్పరు, తిన్నదానికి డబ్బు కడతారు. వాళ్ల తీర్పు, విమర్శకుల తీర్పు తినడానికి వెళ్లే జనం కోసం. మా రిపోర్టు ఎక్కడా అచ్చవదు, యాజమాన్యానికి మాత్రమే వెళ్తుంది, అందులో మా అభిప్రాయానికి చోటు తక్కువ.

గుర్తుపట్టకుండా వెళ్లడం ఎందుకంటారా, న్యూయార్క్ టైమ్స్‌లో 1993 నుంచి 1999 దాకా విమర్శకురాలిగా పనిచేసిన రూత్ రైషల్ ఉదాహరణ చాలు. వేషం మార్చుకుని, విగ్గులు పెట్టుకుని వెళ్లేది. లె సర్క్ అనే పేరున్న రెస్టారెంటుకి అలా అనామకంగా వెళ్లినప్పుడు ఒక తీరు, ఆవిడెవరో గుర్తుపట్టాక ఇంకో తీరు. 1993లో రెండు అనుభవాల్నీ పక్కపక్కన పెట్టి అచ్చువేసింది, ఆ పత్రిక ఇచ్చే నక్షత్రాల్లో (మిషెలిన్‌వి కావు) ఆ రెస్టారెంటుకున్న నాలుగు మూడయ్యాయి.

ప్రశ్న: పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

జవాబు: గైడ్‌లైన్స్‌లో ఎంతమంది అని ఉంటే అంతమందే. ఎక్కువ వాటిల్లో మీతోపాటు ఒకరికి అనుమతి ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్లొచ్చని రాసి ఉన్నా మొదటి రెండు మూడు సార్లు వద్దు, పిల్లవాడు గ్లాసు ఒలకబోసిన ఆ నిమిషంలోనే వంటకం వచ్చేస్తుంది. తోడొచ్చిన పెద్దవాళ్లకి మాత్రం ముందే చెప్పండి, సర్వర్ ఎదురుగా "ఇది కూడా రాసుకో" అనకూడదని.

ప్రశ్న: నేను రెస్టారెంట్లో సర్వర్‌ని. మీలాంటివాళ్లు ఒకరు వచ్చి నేను నవ్వలేదని, రెండుసార్లు పిలిస్తేగానీ రాలేదని రాశారు. ఆ నెల ఇన్సెంటివ్ పోయింది. ఆ రోజు ఇద్దరు రాలేదు, ముగ్గురం చూడాల్సిన టేబుళ్లు నేనొక్కడినే చూశాను. అది ఎవరూ రాయలేదు. కస్టమర్‌లా నటిస్తూ వచ్చి పొట్టకొట్టడం మోసం కాదా మేడమ్?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండు రోజులు నా బల్ల మీదే ఉంది. ఎందుకంటే నీకు జరిగినట్టే ఇంకొకరికి నా చేతుల మీదుగా జరిగింది.

ఈ పనిలో చేరిన కొత్తల్లో ఒక చోట సర్వీసు బాగా ఆలస్యమైంది, ఉన్నదున్నట్టు రాశాను. సర్వర్ పేరు అడగడానికి మొహమాటపడి, "పొడుగ్గా, కళ్లజోడుతో ఉన్న అబ్బాయి" అని వర్ణన రాసి పంపించేశాను. పది రోజుల తర్వాత ఎడిటర్ ఫోన్. ఆ షిఫ్టులో కళ్లజోడు అబ్బాయిలు ఇద్దరట. మాట పడినవాడు నా టేబుల్‌కి అసలు రానేలేదు. బిల్లు తీసి చూడమన్నారు. తీశాను. పైన, తేదీ కిందే, చిన్న అక్షరాల్లో నాకు వడ్డించినతని పేరు ఉంది. నా కళ్లముందున్న కాగితం మీద ఉన్న పేరు నేను చదవలేదు. సవరించిన రిపోర్టు అదే రాత్రి పంపాను, క్షమించమని విడిగా ఉత్తరం రాసి ఏజెన్సీ ద్వారా ఇచ్చాను, అది అతనికి చేరిందో లేదో నాకు ఎప్పటికీ తెలియలేదు.

అప్పట్నుంచి ఒకటి మానలేదు. కూర్చోగానే నా సర్వర్ ఎన్ని టేబుళ్లు చూస్తున్నారో లెక్కపెడతాను. ఆ రోజు నీ దగ్గరికి నేను వచ్చి ఉంటే "రెండుసార్లు పిలిచాక వచ్చారు" అని రాసేదాన్నే, అది జరిగింది కాబట్టి. కానీ దాని పక్కనే "గంట పాటు ఆ వైపు టేబుళ్లన్నీ ఈయన ఒక్కరే చూశారు, ఇంకెవరూ సాయం రాలేదు" అని కూడా రాసేదాన్ని. అప్పుడు జవాబు చెప్పాల్సింది డ్యూటీలు వేసినవాళ్లు అయ్యుండేది. నవ్వలేదు అని ఒంటి ముక్క రాసి వదిలేయడం బద్ధకం. కళ్లలోకి చూసి పలకరించాడా, ఏం మాటలన్నాడు, ఆర్డర్ తిరిగి చదివి వినిపించాడా, ఇవి రాయాలి.

మోసమా అని అడిగావు. ఇలాంటి తనిఖీలు జరుగుతుంటాయని, వేటిని చూస్తారో, వాటితో ఏం చేస్తారో మీ యాజమాన్యం ముందే మీ అందరికీ చెప్పి ఉంటే మోసం కాదనుకుంటాను. చెప్పకుండా చేసి, ఒక్క రోజు ఒక్క మనిషి రాసిన కాగితంతో జీతంలో కోత పెడితే మాత్రం అది అన్యాయమే, నా వృత్తి అయినా సరే అదే అంటాను. ఒక్క రిపోర్టు అంటే ఒక్క గంట. నాలుగైదు వరసగా ఒకే మాట చెప్తే అప్పుడు దానికి బరువొస్తుంది.

ఇప్పుడు నువ్వు చేయగలిగింది ఒకటుంది. రిపోర్టు నీకు చూపించమని మేనేజర్‌ని అడుగు, అందులో తేదీ, టైమ్ ఉంటాయి. ఆ రోజు డ్యూటీ చార్ట్, ఆ గంటలో నీ పేరు మీద పడిన బిల్లులు ఎన్నో తీయించు. అవి చూపించి అభ్యంతరం రాసివ్వు. ఏజెన్సీకి అభ్యంతరం వెళ్తే వాళ్లు షాపర్‌ని మళ్లీ అడుగుతారు, నన్ను అలాగే అడిగారు. నోటిమాటగా వదిలేయకు, కాగితం మీద పెట్టు.

ప్రశ్న: మా ఫ్రెండ్ పనిచేసే రెస్టారెంటుకే నాకు అసైన్‌మెంట్ వచ్చింది. తను ఆ రోజు సెలవులో ఉంటుంది. వెళ్లొచ్చా?

జవాబు: వద్దమ్మా. తను లేకపోయినా తన మేనేజర్ గురించి, తనతో గొడవపడ్డవాళ్ల గురించి నువ్వు ఇప్పటికే వినే ఉంటావు. షెడ్యూలర్‌కి ఇవాళే మెసేజ్ పెట్టు, తెలిసినవాళ్లున్నారని ఒక్క మాట చాలు. వేరే చోటు ఇస్తారు. ముందే చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు, ఆఖరి రోజు చెప్తే మాత్రం వాళ్లకి ఇంకో మనిషి దొరకడం కష్టం.